మూకుడులో నీలగిరి

నిన్న మా అమ్మాయికి జలుబు చేస్తే వేడినీళ్లలో నాలుగు చుక్కలు నీలగిరి తైలం వేశాను. ఆ ఆవిరి మొహానికి తగలగానే నేను టెక్కలిలో, మా తాతయ్య పెరట్లో ఉన్నాను.

వేసవి సెలవులకు పలాస నుంచి అక్కడికి వెళ్లేదాన్ని. ఉద్దానం నుంచి చుట్టాలు తెచ్చిన పనసపండు వాసన వసారా దాటి వీధిలోకి పోయేది, జీడిమామిడి పళ్ల రసం కారి గౌన్ల మీద ఎన్ని ఉతుకులకూ పోని మరకలు పడేవి, నాయనమ్మ తాటిముంజెలు ఒలుస్తూ మమ్మల్ని ఈగల్లా తోలేది. తాతయ్య మాత్రం ఒకచోట కూర్చునేవాడు కాదు. బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. తోటల్లో తాటిచెట్లను మించి పెరిగే నీలగిరిని, వెడల్పాటి మట్టి మూకుడులో మోకాలెత్తు దాటకుండా పెంచాడు. అప్పుడప్పుడూ దాని వేళ్లు కత్తిరించి కొత్త మట్టి పోసేవాడు.

నేను ఏడో తరగతిలోకి వచ్చిన ఏడు ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నేను వెళ్లేసరికి మూకుడు నిండా వేళ్లు అల్లుకుపోయి, అంచు పగిలి, పోసిన నీళ్లు లోపలికి దిగకుండా పక్కలకు జారిపోతున్నాయి. తాతయ్య కాలీడ్చుకుంటూ రోజంతా దాని చుట్టూ తిరిగేవాడు. "ఆ సెట్టేదో నేల్లో పాతీయండి, దానికీ మనకీ సుకం," అని నాయనమ్మ అంటే అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

ఓ గాలివాన పడ్డ మర్నాడు కొత్త మూకుడు పక్కన పెట్టుకుని నన్ను పిలిచి, కొమ్మలు కోసే కత్తెర చేతిలో పెట్టాడు. మూకుడు వంచి చెట్టును లాగితే వేళ్లు జడలు కట్టి మూకుడు ఆకారంలోనే బయటికొచ్చాయి. పుల్లతో మట్టి రాలుస్తూ ఒక్కో వేరూ విడదీస్తుంటే ఆయన అరుపులు ఆగలేదు.

"బేగి కానీయే, ఏరు ఆరిపోతంది! అది కాదే, పక్కది! ఏటే అలా సూత్తన్నావు, కొయ్యి!"

కాండం కిందే బొటనవేలంత లావు వేరొకటి నిలువుగా దిగి ఉంది. దాన్ని తీయకపోతే చెట్టు కొత్త మూకుడులో కుదురుకోదు, తీస్తే బతుకుతుందో లేదో ఆయనకూ తెలీదు. నాకు చెయ్యి ఆడలేదు. ఆయన విసురుగా కత్తెర లాక్కుని ఎడమచేత్తో వేరు మీద పెట్టాడు. పట్టు చిక్కక కత్తెర జారి మట్టిలో పడింది.

"నువ్వే కొయ్యమ్మా. నాను సూడను," అని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

కోశాను.

చెట్టును కొత్త మూకుడులో నాటి, నీడలో పెట్టి తడిగోనె చుట్టాం. ఆకులన్నీ రాలిపోయాయి. తాతయ్య నన్ను ఒక్క మాటా అనలేదు, అదే నాకు భరించరానిదైంది. ఆయన గోనె ఎత్తి చూసి వెళ్లగానే నేను వెళ్లి ఎత్తి చూసేదాన్ని. బళ్లు తెరిచే రోజు దగ్గరపడి పెట్టె సర్దుకుంటుంటే పెరట్లోంచి కేక వినిపించింది.

"ఒలే, బతికీసింది! రాయే బేగి!"

మాను మీద ఆవగింజలంత ఎర్రటి చిగుళ్లు.

తర్వాతిసారి వేళ్లు కోసేటప్పుడు తాతయ్య కత్తెర నాకిచ్చి, పేపరు పట్టుకుని వీధి అరుగు మీదికి వెళ్లిపోయాడు. ఆయన కేకేస్తాడేమోనని చెవులు రిక్కించుకుని ఒక్కదాన్నే కోశాను. కేక రాలేదు.

ఆయన పోయాక నాయనమ్మ ఆ మూకుడును ఒళ్లో పెట్టుకుని పలాస తెచ్చింది కానీ, మా డాబా ఎండకు చెట్టు నిలవలేదు. టెక్కలి ఇంటి స్థలంలో ఇప్పుడు వరసగా షాపులు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా పెరడు ఏ షాపు కింద ఉందో పోల్చుకోవాలని కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తాను. పోల్చుకునేలోపే బస్సు దాటిపోతుంది.