అందరిచేతా అనిపించిన వాక్యం

సాయంత్రం ఇంగ్లీషు క్లాసు చెప్పే పంతులమ్మకు ఒక మాయదారి అలవాటుంది. ఎవరైనా తప్పు లేకుండా ఒక వాక్యం చెబితే చాలు, దాన్ని క్లాసంతటిచేతా గట్టిగా అనిపిస్తుంది. ఆ రోజు పాఠం 'ఇఫ్'. జరగనిది జరిగి ఉంటే ఏమయ్యేదో చెప్పమంది. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు మెదపని వెల్డరు లేచి, తడుముకోకుండా ఇంగ్లీషులో చెప్పాడు. ఆ రాత్రి తాను ఫోను ఎత్తి ఉంటే తమ్ముడు బతికేవాడట.

"శభాష్! ఒక్క తప్పు లేదు బాబూ! ఏదీ, అందరూ అనండి!" అంటూ ఆమె చప్పట్లు కొట్టింది.

అందరూ అన్నారు. రెండోసారి అంటుంటే గానీ ఆ మాటల అర్థం ఆమెకు తట్టలేదు. తల కొట్టేసినట్టయింది. పంతులమ్మ మెచ్చుకుందన్న సంబరంతో వెల్డరు అందరికంటే గట్టిగా అంటున్నాడు.