ఎర్ర గీతకు పైన

పెర్నార్దోకు ఎవరూ ఇవ్వని ఉద్యోగం ఒకటుంది. ఏడాదికోసారి ఎర్రరంగు డబ్బా, కత్తి పట్టుకుని అడవిలోకి ఎక్కుతాడు. కొండ నడుం చుట్టూ చెట్లకు రంగు పట్టీలు పూసుకుంటూ పోతాడు. ఆ పట్టీలకు పైన ఎవరూ సకావు మొక్క నాటకూడదని మా ఊరి కట్టుబాటు. ఈ పనికి జీతం లేదు, బత్తెం లేదు. తడిసి ముద్దయి దిగొచ్చాక భార్య సెర్లిద పెట్టే చీవాట్లు మాత్రం క్రమం తప్పకుండా అందుతాయి.

అతను పుట్టుకతోనే అడవికి కాపలాదారు అనుకునేరు. ముప్ఫయ్యేళ్ల వయసులో మా కిట్టి ప్రాంతంలో అందరికన్నా పైకెక్కి చెట్లు నరికింది అతనే. సకావు వేరు కొండమీది చల్లటి నల్లమట్టిలో ఏపుగా ఊరుతుంది. ఆ వేరును బండమీద దంచి, చెట్టు నారలో పిండి, ఆ మత్తు రసం కొబ్బరిచిప్పలో తాగితే తప్ప మా పోన్పే దీవిలో పెళ్లి జరగదు, చావు తీరదు, తగువు తెగదు. పెద్ద దొర విందుకు ఎవడు భారీ మొక్క మోసుకొస్తే వాడిదే పేరు. ఆ పేరు కోసం ఎలా నరకాలో, ఎలా నాటాలో పెర్నార్దోకు నేర్పింది మేనమామ కిల్మెటే. మాలో తండ్రి మాటకైనా ఎదురుండొచ్చు గాని మేనమామ మాటకు ఉండదు.

మాకు వాన కొత్తా? ఎండ కాస్తేనే విడ్డూరం. కానీ ఆ ఏటి వానకు బోసిపోయిన కొండ జారి వాగులో పడింది. నెలరోజులు వాగులో బురదే పారింది. మడుగులో మలుగు చేపలు ఊపిరాడక చచ్చిపోయాయి. పెర్నార్దో వంశానికి మలుగులంటే తల్లులతో సమానం. వాళ్లు వాటిని తినరు, పిల్లల చేత మేత వేయిస్తారు. అతని తల్లి చచ్చిన పదకొండింటినీ గుడ్డలో చుట్టి, ఏడుస్తూ పూడ్చిపెట్టింది. కొడుకును ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే అతను తట్టుకునేవాడేమో.

తర్వాతి విందుకు పెర్నార్దో కొండమీది మొక్కలన్నీ మోసుకొచ్చి దొర ముందు దించాడు. ఇక పైన నాటనని అందరిలో చెప్పాడు. తాగిన మాట తెల్లారితే ఉండదులే అని జనం నవ్వుకున్నారు. తెల్లారి చూస్తే అతను ఇంటి వెనక సీమపనస చెట్ల నీడన సకావు కొమ్మలు నాటుతున్నాడు. నాలుగేళ్లకు అవి ఎదిగితే, పల్లపు సకావు కడుగునీళ్లలా ఉంటుందని వెక్కిరించారు. అతను వాదించలేదు. ఎక్కడిదో చెప్పకుండా వాళ్లకే దంచి పోశాడు. కొండ సరుకంటే ఇదీ అని వాళ్లు మెచ్చుకుంటూ తాగారు. ఆ మెప్పును పట్టుకునే ఇల్లిల్లూ తిరిగి, అడిగినవాడికీ అడగనివాడికీ కొమ్మలు పంచి, తొమ్మిదేళ్లకు ఊరిని ఆ ఎర్ర గీతకు ఒప్పించాడు. అంత ఓర్పు నాకైతే లేదు.

నిరుడు రంగు వేయడానికి ఇద్దరు ఊరివాళ్లను వెంటబెట్టుకుని ఎక్కినప్పుడు, గీతకు పైన పెద్ద చెట్లు నరికేసి, అరవై సకావు మొక్కలు నాటి ఉండటం కనబడింది. కొమ్మలు ఏటవాలుగా, జంటలు జంటలుగా గుచ్చిన తీరు చూడగానే అది ఎవరి చెయ్యో తెలిసిపోయింది. ఆ ఇద్దరికీ తెలిసింది. పాపం, వాళ్లు ఆకాశం చూస్తూ నిలబడ్డారు. పెర్నార్దో ఆదివారం చర్చి అయ్యాక ఊరందరి ముందూ మామ పేరు చెప్పాడు. కిల్మెటే లేచి వెళ్లిపోయాడు. మామకే చెల్లితే మనకెందుకు చెల్లదని కత్తులు నూరుకుంటున్నవాళ్లు ఊళ్లో అరడజను మంది ఉన్నారు. వాళ్లంతా ఏమవుతుందా అని కాచుకున్నారు.

నాలుగోనాడు మధ్యాహ్నం కిల్మెటే ఒక సకావు మొక్క మోయించుకుని పెర్నార్దో చావడికి వచ్చాడు. మాలో తప్పు చేసినవాడు అలా వచ్చి, దంచి, చిప్ప అందిస్తే కాదనకూడదు. కాదన్నవాడు మనిషి కిందే లెక్క కాదు. తాగాక ఆ సంగతి మళ్లీ ఎన్నడూ నోట రాకూడదు. ఆ మొక్క వేళ్లకు కొండమీది నల్లమట్టి అంటుకుని ఉంది. ఒక్క మొక్క తెచ్చాడు, తక్కినవి పైనే ఉన్నాయి. ముసలాయన గుంటనక్కే.

“తప్పయిపోయింది అల్లుడూ. తీసుకో,” అన్నాడు చిప్ప చాపుతూ.

సెర్లిద వెనకనుంచి గొణిగింది. “తాగావంటే నోరు కుట్టేసుకున్నట్టే. గీత పోయినట్టే.”

“తెలుసే,” అన్నాడు పెర్నార్దో. కళ్లు మూసుకుని చిప్ప ఖాళీ చేశాడు. చావడి చుట్టూ చేరిన అరడజను మందీ ఇక గీత పని అయిపోయిందన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుని మెల్లగా జారుకున్నారు.

మర్నాడు పొద్దున్నే పెర్నార్దో అడవి చెట్ల మొలకలు బుట్టకెత్తుకుని బయల్దేరాడు. దారి కిల్మెటే వాకిట్లోంచే పోతుంది. ఎక్కడికని మామ అడిగితే పైకన్నాడు. పనేమిటంటే మొక్కలు నాటాలన్నాడు. అంతే. సాయంత్రం మట్టికాళ్లతో అదే వాకిట్లోంచి దిగి, మామకు తలవంచి దండం పెట్టి వెళ్లాడు. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. ఊళ్లో ఎవరడిగినా వానల గురించి మాట్లాడాడు.

అయిదో రోజు డెబ్భై దాటిన కిల్మెటే రొప్పుకుంటూ పైకి ఎక్కాడు. నరికిన ప్రతి మొద్దు పక్కనా ఒక మొలక ఉంది. సకావు ఆకు ఒక్కటీ చిరగలేదు. పెర్నార్దో తలెత్తి చూసి మళ్లీ గొయ్యి తవ్వుకున్నాడు.

ముసలాయన మొలకలు తప్పించుకుంటూ దగ్గరికొచ్చాడు.

“తిట్టరా. నాలుగు తిట్టి పో.”

“దేని గురించి మామా?”

ఆ సంగతి ఇక కిల్మెటే కూడా ఎత్తకూడదు. ఆ చిప్ప అందించింది తనే. మొద్దుమీద కూలబడి దిగువన వాగు కేసి చూశాడు. తర్వాత లేచి, దగ్గర్లో ఉన్న సకావు మొదలు రెండు చేతులా పట్టుకుని కదిపాడు. వేరు రాలేదు. మళ్లీ కదిపాడు. పెర్నార్దో గునపం అందించాడు గాని మొక్కను ముట్టుకోలేదు. అది మామ పెరికితేనే పెరికినట్టు. ఎండ నెత్తికెక్కేసరికి పదిహేను మొక్కలు పైకొచ్చాయి. ముసలాయన చేతులు బొబ్బలెక్కాయి.

“వీటి కొమ్మలు పల్లంలో బతుకుతాయంటావా?”

“సీమపనస నీడన చోటుంది మామా.”

కిల్మెటే వాటిని తీగతో కట్టగట్టి కర్రకు వేలాడదీశాడు.

“ఆ కొస పట్టు. మిగతావి రేపు,” అన్నాడు.

పెర్నార్దో బరువంతా తన వైపు జరుపుకుని, కర్ర భుజానికెత్తుకున్నాడు.