దర్జీ పిన్ని కోళ్ల వైద్యం

మా వీధి దర్జీ పిన్ని చచ్చిపోయిన కోళ్లను నూట నలభై ఏడింటిని బతికించింది. నమ్మనివాళ్లు ఇక్కడే ఆపేసి వేరే పని చూసుకోవచ్చు. ఎనిమిదో తరగతి తప్పి బడికి శాశ్వతంగా సెలవిచ్చినవాణ్ణి, లెక్కల్లో నాకెవరూ సాటి లేరు.

ఆమె హస్తవాసి ఎలాంటిదంటే, జబ్బు చేసిన కోడి ఎవరి తోడూ లేకుండా వీధి దాటి, కుడివైపు తిరిగి, ఆకుపచ్చ తలుపు ముందు నిలబడి ముక్కుతో టకటకా కొట్టేది. పిన్ని మిషను ఆపి, "ఎన్నాళ్లయింది మేత దిగక?" అని అడిగితే కోడి సిగ్గుతో తల దించుకునేది. సరే, సిగ్గు సంగతి నేను కలిపాను. మిగతాది చాలావరకు నిజం.

అసలు పని ఇది. కోడి తిన్నది ముందు మెడ మొదట్లో ఉన్న సంచిలోకి పోతుంది. సాయంత్రానికి ఆ మేతసంచి నిమ్మకాయంత ఉబ్బుతుంది, తెల్లారేసరికి ఖాళీ అవ్వాలి. అందుకే పిన్ని పొద్దున్నే, కోడి ఇంకా గింజ ముట్టకముందే, రెండు వేళ్లతో తడిమి చూసేది. రాయిలా తగిలిందంటే లోపల ఏదో ఇరుక్కున్నట్టు. నీళ్లతిత్తిలా ఊగుతూ నోరు పులిసిన వాసన కొట్టిందంటే మేత లోపలే పాడైనట్టు. ఇరుక్కున్నదానికి చుక్క చుక్కగా నూనె, గోరువెచ్చని నీళ్లు, గంటకోసారి వేళ్లతో మెల్లగా పిసకడం. పులిసినదానికి మేత మాన్పించడం. కొందరు అలాంటి కోడిని తలకిందులుగా పట్టుకుని కక్కిస్తారు. బేకరీ బాబాయి తన నల్లపెట్టను అలా పట్టుకుని ఊపుతుంటే పిన్ని వీధంతా వినబడేలా కేకలేసింది.

"ఆ నీళ్లు ఊపిరిలోకి పోయాయంటే ఇక జబ్బు మీదికి నెట్టడానికి లేదు బాబాయ్! నువ్వే చంపినట్టు!"

ఆ సాయంత్రానికే నల్లపెట్ట పోయింది.

నయమైన కోడిని ఆమె ఉత్తచేతులతో పంపేది కాదు. మిషను కింద రాలిన దారాలు, పీలికలు ఒక బుట్టనిండా నింపి ఇచ్చేది. "గూట్లో పరుచు. మెత్తగా ఉంటుంది, గుడ్డు పగలదు." మా వీధి కోళ్ల గూళ్లు మా ఇంటి పరుపులకన్నా మెత్తన. అందులో పడుకున్న పెట్టలు గుడ్డు పెట్టడం మరిచిపోయి మధ్యాహ్నం దాకా గురకపెట్టేవని నేను నలుగురికీ చెప్పాను, ముగ్గురు నమ్మారు.

పిన్ని ఇంట్లో ఆమె కాక ఉన్నది అత్తగారొక్కతే. పిన్ని భర్త పోయి చాలాకాలమైంది. ముసలామెకు తుంటి విరిగి ఏడాదిగా కిటికీ పక్క మంచమే లోకం. ఆ ఇద్దరినీ కలిపి ఉంచింది ప్రేమ అని ఎవరైనా అంటే ఇద్దరూ కలిసి కొట్టడానికి వచ్చేవాళ్లు.

"ఉప్పెక్కువైందమ్మాయ్."

"నిన్న తక్కువన్నారు అత్తయ్యా."

"ఆహా, నిన్నటి బాకీ ఇవాళ తీర్చావన్నమాట."

ఆ ఇంట్లో మూడో మనిషి ఒక బెల్లంరంగు పెట్ట. ఒక కాలు కుంటు, నడక మాత్రం జమీందారిణి నడక, అందుకే దాన్ని దొరసాని అనేవాళ్లు. భోజనం వేళకు గెంతి కిటికీ గట్టెక్కేది. ముసలామె నాలుగు మెతుకులు విసిరేది. అది తినేది, అప్పుడామె ఒక ముద్ద తినేది. మళ్లీ నాలుగు మెతుకులు, మళ్లీ ముద్ద. మంచాన పడ్డాక ఆమెకు అన్నం సయించిన పద్ధతి అదొక్కటే. అంతకుముందు నెలరోజులు ఎవరు బతిమాలినా నోరు తెరవలేదు.

ఒకరోజు దొరసాని గట్టెక్కింది కానీ మెతుకు ముట్టలేదు. ముసలామె కంచం పక్కకు జరిపింది.

"మీరు తినండి అత్తయ్యా."

"అది తిననీ."

"అది కోడి."

"తెలుసులేవే. నీకన్నా ముందునుంచీ చూస్తున్నాను కోళ్లను."

మొదటిరోజు అందరం నవ్వాం. పిన్ని సంచి తడిమింది, రాయి. నూనె పోసింది, పిసికింది. మర్నాడు పొద్దున మళ్లీ రాయే. మూడోనాటికీ కోడి నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మంచం మీద ఆమె కూడా అంతే. "అదీ నీళ్లే, నేనూ నీళ్లే. ముందెవరో చూద్దాం," అంది ముసలామె. ఈసారి ఎవరం నవ్వలేదు. ఆమె బుగ్గలు లోపలికి పోయాయి.

పశువుల డాక్టరుకు నేనే ఫోను చేశాను. "కోడికి ఆపరేషను చేసేంత తీరికే ఉంటే వారంనుంచి పెరిగిన గడ్డం గీసుకునేవాణ్ణయ్యా," అని పెట్టేశాడు.

పిన్ని అప్పటిదాకా ఏ కోడినీ కొయ్యలేదు. వేళ్లే ఆమె వైద్యం. పోయినవాటిని పోయినట్టే పాతిపెట్టించేది. ఆ రోజు మాత్రం కొలతల బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది. సూది, బ్లేడు, పట్టుదారం మరిగించింది. నేను దొరసానిని తువ్వాలులో చుట్టి పట్టుకున్నాను. ఎద్దు కొమ్ములు వంచిన చేతులని చెప్పుకుంటాను గానీ, ఆ కాస్త బరువుకే మోచేతులు బల్లకు ఆనించాల్సొచ్చింది.

"కదలకు. కోటుకు లైనింగు వేసినట్టేరా ఇది. లోపలి పొర వేరుగా కుట్టాలి, పైతోలు వేరుగా కుట్టాలి. రెండూ కలిపి లాగేశామా, పని చెడిందన్నమాటే."

వేలెడంత కోసింది. పట్టకారుతో పట్టి లాగింది. వచ్చింది, వస్తూనే ఉంది, తాడులాగా. గడ్డి, గింజలు, వాటన్నిటినీ పేనుకుని దారం. కుట్టు పూర్తిచేసి, కోడిని బుట్టలో పడుకోబెట్టి, అప్పుడు ఆ తాడును పంపు కింద కడిగింది. రంగులు బయటపడ్డాయి.

"నీలం, బడిపిల్లల యూనిఫారాలది," అంది. "ఈ ఆకుపచ్చ ఆసుపత్రి కర్టెన్లది." తర్వాత ఎర్రదారం వేలికి చుట్టుకుని ఆగిపోయింది. ముసలామె కప్పుకున్న దుప్పటికి అంచు ఆ దారంతోనే వేసింది.

"ఏంటి పిన్నీ?"

"బుట్టలురా. నేనిచ్చిన బుట్టలు."

నాకు తెలియడానికి ఇంకాస్త సేపు పట్టింది. వీధిలో మేత దిగక వచ్చిన ప్రతి కోడీ ఆమె ఇచ్చిన దారాల మీద పడుకున్నదే. పురుగనుకుని పొడిచి మింగేవి. ఒకసారి నయమైనది రెండోసారి ఎందుకొచ్చేదో ఎవరం అడగలేదు. అడక్కపోగా ఇంకో బుట్ట తీసుకెళ్లాం.

కుట్లు చక్కగా పడ్డాయి. అంత సన్నటి కుట్టు నేను పెళ్లిబట్టల మీద కూడా చూడలేదు. అయినా అన్నాళ్లు తిండిలేని ఒళ్లు. కుట్లు వేసిన మూడోరోజు పొద్దున దొరసాని బుట్టలోనే బిగుసుకుపోయి ఉంది.

పిన్ని దాచలేదు. మంచం పట్టె మీద కూర్చుని చెప్పింది. "అత్తయ్యా, అది పోయింది. దాని కడుపులో ఉన్నది నా దారమే."

ముసలామె కిటికీ గట్టు వైపు ఒకసారి చూసింది. తర్వాత గోడవైపు తిరిగింది.

ఆ మధ్యాహ్నమే పిన్ని గోనెసంచి పట్టుకుని ఇంటింటికీ తిరిగింది. గూళ్లలో చేతులు పెట్టి దారాలన్నీ ఏరింది, ప్రతి గుమ్మంలోనూ ఎందుకో చెప్పింది. కొందరు "పోనీలే అమ్మా, తెలిసి చేశావా" అన్నారు. నేను వెనకాల నిలబడి ఏదో ఒక అబద్ధం తట్టకపోతుందా అని చూశాను. జీవితంలో మొదటిసారి ఒక్కటీ తట్టలేదు. బేకరీ బాబాయి మాత్రం చేతుల పిండి దులుపుకుని నిదానంగా అడిగాడు.

"అయితే మా నల్లదాన్ని చంపింది నేను కాదన్నమాట?"

"కాదు బాబాయ్, నేనే," అంది పిన్ని.

తిరిగొచ్చి అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టింది. ముసలామె నోరు తెరిచింది. తిన్నది. రెండోదీ తిన్నది. నేను గుమ్మంలోంచి చూసి గండం గడిచిందనుకున్నాను. అది పొరపాటు. అప్పట్నుంచీ ఆమె పెట్టింది పెట్టినట్టు తింటోంది, కిటికీ వైపు చూడదు, మాట్లాడదు. వారం తర్వాత పిన్ని కావాలని కూరలో గుప్పెడు ఉప్పు వేసింది. ముసలామె నమిలి మింగింది. పిన్ని ఆ కంచం పట్టుకుని వంటింట్లో నేలమీద కూలబడింది.

ఇప్పుడు ఆకుపచ్చ తలుపు ముందుకు కోళ్లు రావడం లేదు. ఎవరైనా తెచ్చినా ఆమె తాకదు. మిషను ఆపకుండా, "నూనె పొయ్యండి, పొద్దున్నే చూడండి," అంటుంది. దారం ముక్కలు ఏ రోజుకారోజు డబ్బాలో వేసి కాల్చేస్తుంది.

కాస్త నవ్వుతుందేమోనని మొన్న ఈ రాసినదాంట్లో మొదటి వాక్యం చదివి వినిపించాను. ఆమె పళ్లతో దారం తెంపబోయి ఆగి, కత్తెర తీసుకుని కత్తిరించి, ఆ ముక్కను జాగ్రత్తగా డబ్బాలో వేసింది. తర్వాత చెప్పింది.

"నూట నలభై ఏడు కాదురా. వచ్చినవే పద్దెనిమిది. బతికినవి ఏడు. దారం నాదే."