బాపు పేరు మీద వెబ్‌సైటు

ఈ పొద్దున మా కోడలు చాయ్ తాగుతూ ఫోన్ మీద రెండుసార్లు వేలు ఆనించి, మన వెబ్‌సైటు పేరు ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ అయిపోయింది మామయ్యా అని చెప్పి, కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అంతే! ఆ పని కోసమే ఒకప్పుడు మా అన్నా నేనూ నెల రోజులు తిండి సయించక తిరిగామంటే ఆ పిల్ల నమ్మదు. నా ఈడు వాళ్లు, మీరైతే నమ్ముతారు.

మట్టెవాడలో మాది జంపఖానాల దుకాణం, ముందు గదిలో అమ్మకం, వెనక మగ్గాలు. ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో, పేజీ ఒకటి పెట్టుకుంటే పెద్ద ఊళ్ల హోటళ్లు నేరుగా ఆర్డర్లు ఇస్తాయని ఎవరో చెబితే, హనుమకొండలో ఒక నెట్ సెంటరుకు వెళ్లి వెబ్‌సైటుకు పేరు తీసుకున్నాం. యజమాని ఎవరని రాసే చోట అన్న క్షణం కూడా ఆలోచించకుండా బాపు పేరు, అంటే మా నాన్న పేరు చెప్పాడు. బాపు పోయి అప్పటికి ఏడాది. దుకాణం బోర్డు, ఇంటి పన్ను, నల్లా అన్నీ ఆయన పేరు మీదే ఉండగా, పెద్దాయన్ని పక్కకు జరిపి తన పేరు రాయించుకోవడం అన్నకు మర్యాదగా తోచలేదు, నాకూ తప్పనిపించలేదు. మాకు ఈమెయిలు లేకపోతే ఆ సెంటరు నడిపే ఆవిడ తనదే ఇచ్చింది, ఎంత మంచి మనిషో అని మురిసిపోయాం.

కొన్నేళ్లకు ఆ సెంటరు మూతపడింది, ఆవిడ ఎటు వెళ్లిందో తెలియదు, గడువు నోటీసులన్నీ ఆ ఈమెయిలుకే పోతూ ఉండిపోయాయి. ఒకరోజు బెంగళూరు హోటలు వాళ్లు ఫోన్ చేసి, మీ పేజీ తెరుచుకోవడం లేదు, దుకాణం ఎత్తేశారా అని అడిగితే గానీ మాకు తెలియలేదు. పేరు ఇచ్చిన రిజిస్ట్రార్ కంపెనీని అడిగితే, నెలలోగా విడిపించుకోకపోతే ఎవరడిగితే వాళ్లకు ఇచ్చేస్తాం, విడిపించాలంటే యజమాని గుర్తింపు కార్డు, సంతకం పంపండి అన్నారు. అప్పటికి మా ఆర్డర్లలో సగానికి పైగా ఆ పేజీ మీదుగానే వస్తున్నాయి. అది పోతే ఆగిపోయేది మా ఒక్క ఇల్లే కాదు, ఎనిమిది మగ్గాలు, వాటి మీద బతికే ఎనిమిది ఇళ్లు.

"ఫికర్ జేయకురా, బాపు దస్కత్ నాకొస్తది" అన్నాడు అన్న. బడి రోజుల్లో ప్రోగ్రెస్ కార్డుల మీద ఎన్నిసార్లు పెట్టలేదు మరి! నాకు ఒళ్లు మండిపోయింది. పోయిన తండ్రి చేత దొంగ సంతకం పెట్టిస్తావా అని అరిచాను, రెండు రోజులు ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. వారం గడువు ఉందనగా నేనే కంపెనీకి ఫోన్ చేసి, అటువైపు పలికిన అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పేసి, ఆమె అడిగిన మరణ ధ్రువపత్రం పంపాను. మర్నాడు ఆమె ఫోన్ చేసి, ఈయన చనిపోయిన ఏడాదికి ఈయన పేరు మీద ఎలా రిజిస్టర్ చేసుకున్నారు సార్ అని అడిగింది. అన్న ఫోన్ లాక్కుని, "మా దిక్కు గంతేనమ్మా, పెద్దమనిషి పోయిండని పేరు గూడ తీసేస్తమా?" అన్నాడు. ఆమె, మా తాత ఇంట్లోనూ అంతే సార్ అని, అప్పట్లో డబ్బు కట్టిన రశీదు మీ పేరుతో ఉంటే చాలు, పంపండి అంది. వదిన దాన్ని పెళ్లి పత్రికల సంచిలో దాచిపెట్టింది, ఆమె చల్లగా ఉండాలి.

రెండు రోజులకు మా కొత్త ఈమెయిలుకు లింకు వచ్చింది. పాత యజమాని పేరు చెరిపి కొత్త పేరు రాయాలి. అన్న ఒక్కొక్క అక్షరమే చెరుపుతూ పోయి సగంలో ఆగిపోయాడు, మిగతా సగం నేను చెరిపాను. మధ్యాహ్నానికి పేజీ తెరుచుకుంది. గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. అన్న మగ్గాల వాళ్లందరికీ మిర్చి బజ్జీలు తెప్పించి, తింటూ తింటూ కళ్లు తుడుచుకుని, "బాపు ఇయ్యాల్నే పోయినట్టున్నదిరా" అన్నాడు.

ఆ భయానికి తర్వాత అన్ని కాగితాల్లోనూ పేర్లు మార్పించాం. ఇప్పుడు ఏ గడువూ దాటదు, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, ప్రాణం హాయిగా ఉంది, అబద్ధమెందుకు. కాకపోతే వెనకటికి కరెంటు బిల్లు ఇచ్చే ఆయన గుమ్మంలో నిలబడి బాపు పేరు పెట్టి గట్టిగా పిలిస్తే, లోపల్నుంచి మాలో ఎవరో ఒకరం ఆఁ, వస్తున్నాం అని పలికేవాళ్లం. ఇప్పుడు అన్న పేరు పెట్టి పిలుస్తాడు. అన్న పక్క గదిలోనే ఉంటాడు, అయినా చప్పున పలకడు.