కొంగు ముడిలోని వడ్లు

జఫర్‌గఢ్ దాటాక, బస్సులో నా పక్కన కూర్చున్న ముసలమ్మ నల్లమబ్బును చూసి కొంగు ముడి విప్పింది. పిడికెడు వడ్లున్నాయి.

"నాకు పండ్లు లేవు బాపూ, జర కొరికి చెప్పు. ఎండితె వాన రాకముందే కోడల్ని సంచులు నింపమంట. పచ్చిగుంటె సంచులల్లనే మొలకలొస్తయి. పెద్దింటోని లెక్కున్నవ్, నీకెర్కుంటది."

మా ఇంట్లో ఒకప్పుడు మూడు గరిసెల నిండా వడ్లుండేవి. నేనెన్నడూ గింజ కొరికి ఎరగను. తెలియదనడానికి నోరు రాలేదు. కొరికాను.

"ఎండినయి," అన్నాను.

ఆమె వెంటనే కోడలికి ఫోన్ చేసింది. "సంచులు నింపు పిల్లా, పెద్దాయన చెప్పిండు!"

నాకు దండం పెట్టి దిగిపోయింది. ఆమెది ఏ ఊరో కూడా నేనడగలేదు.

ఎండిన గింజ టక్కున విరుగుతుందని తరువాత తెలిసింది. మబ్బు పడితే ఇప్పటికీ ఆ సంచులే గుర్తొస్తాయి. నేను కొరికిన గింజ మెత్తగా నలిగింది.