సుడలైముత్తు అరచెయ్యి

నేలతంగేడు ఆకులోంచి విరేచనాల మందు సారం తీయడం చెప్పినంత తేలిక కాదు. ఆకుపొడిని స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి, ఆ ద్రవాన్ని పెద్ద పాత్రలో సన్నని వేడిమీద చిక్కబరచాలి. వేడి కాస్త మించిందా, సారం చచ్చి ఊరుకుంటుంది. తమిళనాడులో సాత్తాన్‌కుళం దగ్గరి కార్ఖానాలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ పాత్రను కాచుకున్నవాడు సుడలైముత్తు. వేడి కొలిచే మీటరు ఉంది గాని దాన్ని నమ్మిన మగాడు లేడు. పాత్రకు అరచెయ్యి ఆనించి పది లెక్కపెట్టడమే అక్కడి పద్ధతి. పది లోపే చెయ్యి లాక్కోవాలనిపిస్తే పాత్రను కాచే ఆవిరి తగ్గించాలి.

ఇప్పుడతనికి మోకాళ్లు అరిగాయి, ఓపిక అయిపోయింది. పాత్ర దగ్గర స్టూలైనా ఉంది. అక్కణ్ణుంచి తీసేస్తే ఇక ఆకు మూటలు దించడమే. ఆ దుమ్ము పీల్చినవాడికి మందు మింగకుండానే కడుపు కడుక్కుపోతుంది.

ఆ నెలలో రెండో వాయి కూడా పాడైంది.

“సారం సగానికి సగం లేదు అన్నాచ్చీ,” అంది పరీక్షలు చేసే అరుళ్‌సెల్వి నీరసంగా. “రెండూ మనకు ఆకు అమ్మే ఆ పట్టుక్కని ముసలమ్మ తెచ్చిన ఆకే. ఎండలో పడేసి ఎండబెట్టినట్టుంది. ఇక ఆవిడ ఆకు కొనొద్దని రాసేస్తున్నా.”

పట్టుక్కని ఆకును పది రోజులు నీడలోనే తిరగేసి ఆరబెడుతుందని సుడలైముత్తుకు తెలుసు. ఇంకో సంగతి కూడా తెలుసు. అది ఎవరికీ చెప్పలేదు. చెబితే స్టూలు పోతుంది, చెప్పకపోతే ఆ ముసలమ్మ కూడు పోతుంది. ఇంత అలసటలో ఈ తగువు కూడా తన నెత్తినే పడాలా అని ఒళ్లు మండింది.

“తల్లీ, ఇటు రా,” అని పాత్రకు అరచెయ్యి ఆనించాడు. పది దాటింది, ఇరవై దాటింది, చెయ్యి తీయలేదు. “ఇప్పుడు నువ్వు పెట్టు.”

“అమ్మో!” పెట్టీ పెట్టగానే లాక్కుంది అరుళ్‌సెల్వి.

“ఆకు మంచిదే. స్పిరిట్‌లో నాని నాని నా చెయ్యే మొద్దుబారిపోయింది. ఆర్నెల్లుగా స్పర్శ తగ్గుతా వచ్చింది, ఈ నెల వేడి బొత్తిగా తెలీట్లేదు.”

“ముందే చెప్పొచ్చుగా అన్నాచ్చీ,” అని ఆమె రాసిన కాగితం చింపేసింది.

సోమవారం పట్టుక్కని బండి వచ్చింది. మూట దించుతున్న కొత్త కూలీ ముఖమైనా చూడకుండా ఆమె కసిరింది.

“మెల్లిగా దించవయ్యా! కంటికి రెప్పలా ఆరబెట్టిన ఆకు. మీ చేతుల్లో పడ్డాకే పాడయ్యేది!”

“నిజమే అక్కా,” అన్నాడు సుడలైముత్తు, ఇంకో మూటకు వీపు వంచుతూ.