శుక్రవారం ఎర్రబిళ్లలు

పద్మలతది ఒక వింత గుణం. ఎవరైనా లెక్క తేలిపోయిందన్నారంటే ఆమెకు అక్కడే అనుమానం మొదలవుతుంది. ఎల్లారెడ్డి పాలకేంద్రంలో ఆమెతో కలిసి పనిచేయడం నా సహనానికి రోజూ పరీక్షే.

ఆ ఎండాకాలం నస్రుల్లాబాద్ వైపు నుంచి వచ్చే క్యాన్లలో పాలు విరిగిపోతున్నాయి. కామారెడ్డి ఆఫీసులో మేనేజరు దివాకర్ నెల మొత్తంలో విరిగిన క్యాన్ల అంకె చూసి, వ్యాను నడిపే రాజలింగు చాయ్ హోటళ్ల దగ్గర బండిని ఎండలో ఆపుతున్నాడని తేల్చేశాడు. వచ్చే నెల నుంచి వేరే డ్రైవరట. రాజలింగుకు ఆ బండి తప్ప వేరే బతుకుదెరువు లేదు.

ఎన్ని విరిగాయో అంకె చెబుతోంది సరే, ఏ ఊళ్లో, ఏ రోజు? పద్మలతను అదే తొలిచింది. గోడ మీద వ్యాను తిరిగే దారి గీసింది. గాజుల దుకాణం నుంచి బొట్టుబిళ్లలు తెచ్చి, వారంలో రోజుకో రంగు చొప్పున, విరిగిన ప్రతి క్యానుకూ ఆ ఊరి దగ్గర ఒక బిళ్ల అంటించింది. గోడకు పెళ్లి చేస్తున్నావా అని ఆటపట్టించాం.

అంటించడం అయ్యాక మేమూ గోడ దగ్గరికి వచ్చి చూశాం. బండి ఆలస్యమే కారణమైతే దారి పొడవునా అన్ని రంగులూ ఉండాలి కదా. ఉన్నదల్లా ఒక్క చిన్న ఊరి దగ్గర ఎర్రటి గుంపు. ఎరుపంటే శుక్రవారం.

తర్వాతి శుక్రవారం పొద్దున్నే పద్మలత రాజలింగు వ్యానెక్కింది. ఏముందో చూడకపోతే నాకూ అన్నం సహించదని నేనూ ఎక్కాను. ఆ ఊళ్లో పాలు పోయించుకుని క్యాన్లు నింపేది పోచవ్వ. రాజలింగు మీద మొదట ఫిర్యాదు చేసింది కూడా ఆమే. మేం వెళ్లేసరికి వాకిట్లో క్యాన్లను చింతపండుతో తోముతోంది. తోమినవాటికి పసుపు, కుంకుమ పెట్టి ఉంది.

"శుక్రారం లక్ష్మి గద బిడ్డా. పాలు పోసే గిన్నె మెరవాలె," అంది.

పద్మలత పసుపు పెట్టిన ఒక క్యాను మూత తీసి, అంచు సందులో వేలు పెట్టి చూపింది. చింతపండు పులుసు ఇంకా అంటుకునే ఉంది.

"దీంతోనే విరుగుతున్నయి అవ్వా."

పోచవ్వ ముఖం చిన్నబోయింది. నాకు జాలేసింది. కాసేపటికి చేతులు కడుక్కుని, దివాకర్‌కు తనే ఫోను చేసి తప్పు నాదని చెప్పింది. తర్వాత రాజలింగు వైపు తిరిగింది.

"వారం వారం నువ్వు గూడ చూస్తివి గద. ఒక్కమాటన్న అనకపోతివి."

"మంచిగ మెరుస్తున్నయనే అనుకున్న అవ్వా," అన్నాడు రాజలింగు.